రాబర్ట్ నోబుల్

రాబర్ట్ టర్లింగ్‌టన్ నోబుల్ (1809 - 1865 అక్టోబరు 17) మచిలీపట్నంలో ఆంగ్ల విద్యకు పునాది వేసినవారిలో ప్రముఖుడైన క్రైస్తవ మిషనరీ, ఉపాధ్యాయుడు. ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) తన తెలుగు మిషన్‌ను ప్రారంభించడానికి పంపిన మొదటి ఇద్దరిలో ఈయన ఒకడు. రెండవవాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్. నోబుల్ 1841లో భారతదేశం వచ్చి, మరణించేవరకు 24 సంవత్సరాలపాటు ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్ళలేదు. 1843లో ఈయన నెలకొల్పిన పాఠశాలే మచిలీపట్నంలోని నోబుల్ కళాశాలకు మూలం. 1852లో ఆ పాఠశాల విద్యార్థులైన మంచాల రత్నం, ఐనాల భూషణం క్రైస్తవ మతాన్ని స్వీకరించారు. అందుకు ఆ యువకులు చెల్లించవలసి వచ్చిన మూల్యం, పట్టణంలో చెలరేగిన అలజడి కృష్ణా డెల్టా క్రైస్తవ చరిత్రలో ముఖ్య ఘట్టాలు. నోబుల్ జీవితానికి కూడా అదే కీలక సంవత్సరం.

నేపథ్యం

ఈస్టిండియా కంపెనీ చాలాకాలం తన పాలనలోని ప్రాంతాలలో మిషనరీలను ప్రోత్సహించలేదు. 1813 నాటి చార్టర్ చట్టం తరువాతనే వారి రాకకు దారి సుగమమైంది. మచిలీపట్నం (బందరు) 1611 నుండి ఆంగ్లేయుల వర్తక స్థావరంగా ఉన్నప్పటికీ, రెండు శతాబ్దాలకు పైగా అక్కడ తెలుగువారికోసం ప్రత్యేకించి ఏర్పడిన ఆంగ్లికన్ మిషన్ ఏదీ లేదు. 1830లలో తీరాంధ్రలో పనిచేస్తున్న కొందరు ఆంగ్ల అధికారులు చందాలు పోగుచేసి, తెలుగు ప్రాంతానికి మిషనరీలను పంపవలసిందిగా సి.ఎం.ఎస్.ను కోరారు. ఆ విజ్ఞప్తి ఫలితమే 1841 నాటి నోబుల్, ఫాక్స్‌ల ప్రయాణం.

దాదాపు అదే కాలంలో మరి రెండు మిషన్లు తెలుగునాట అడుగుపెట్టాయి. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులోను, అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరులోను పని ప్రారంభించారు. నెల్లూరు, గుంటూరు, బందరు మూడూ కొద్ది సంవత్సరాల తేడాతో మిషన్ కేంద్రాలయ్యాయి.

బాల్యం, విద్య

నోబుల్ ఇంగ్లండులోని లీస్టర్‌షైర్ ప్రాంతంలో ఉన్న ఫ్రిస్బీ గ్రామంలో 1809లో జన్మించాడు. తండ్రి ఆ గ్రామ చర్చికి గురువు. నోబుల్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివాడు. ఆయన శరీరం దృఢమైనది కాదు. ఉష్ణదేశపు వాతావరణాన్ని ఆయన తట్టుకోలేడన్న సందేహం బయలుదేరక ముందే ఉండేది. చివరకు ఆయనకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడైన ఫాక్స్ ముందుగా మరణించగా, నోబుల్ ఇరవైనాలుగు ఎండాకాలాలను బందరులోనే గడిపాడు. ఆయన జీవితాంతం అవివాహితుడుగా ఉండిపోయాడు.

ఫాక్స్ 1817లో జన్మించాడు. రగ్బీ పాఠశాలలో సుప్రసిద్ధ ప్రధానోపాధ్యాయుడు థామస్ ఆర్నాల్డ్‌కు శిష్యుడు. ఆక్స్‌ఫర్డులో పట్టభద్రుడయ్యాడు. ఇద్దరూ 1841 మార్చిలో ఇంగ్లండులో ఓడ ఎక్కి అదే సంవత్సరం మద్రాసు చేరారు.

మచిలీపట్నంలో తొలి సంవత్సరాలు

ఇద్దరూ పనిని పంచుకున్నారు. ఫాక్స్ గ్రామాలకు, తిరునాళ్ళకు వెళ్ళి తెలుగులో బోధించేవాడు. నోబుల్ పట్టణంలోనే ఉండి, పై తరగతులవారి పిల్లలకు ఆంగ్ల విద్యను, దానితోపాటు బైబిలును బోధించే పాఠశాలను పెట్టాలని సంకల్పించాడు. అందుకు ముందుగా రెండేళ్ళు తెలుగు నేర్చుకోవడానికి వినియోగించాడు.

ఫాక్స్ 1845లో భార్యను కోల్పోయాడు. ఆరోగ్యం క్షీణించి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి, 1848లో 31 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయన జ్ఞాపకార్థం రగ్బీ పాఠశాలవారు చందాలతో బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయ పదవిని పోషించారు. దానిని రగ్బీ-ఫాక్స్ పదవి అనేవారు. తరువాత ఆ పదవిలో వచ్చిన జాన్ షార్ప్ నోబుల్ అనంతరం పాఠశాల బాధ్యత వహించాడు.

పాఠశాల స్థాపన

1843 నవంబరులో పాఠశాల ఇద్దరు విద్యార్థులతో ప్రారంభమైంది. విద్యార్థులు మెల్లగా పెరిగారు. ఇందుకు కాలం కూడా కొంత తోడ్పడింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వ ఉద్యోగాలలో ఆంగ్లం చదివినవారికి ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించాడు. కచేరీ ఉద్యోగం ఆశించే కుటుంబాలకు ఆంగ్ల విద్య తప్పనిసరి అయింది. బైబిలు పాఠం ఇష్టం లేకపోయినా, బ్రాహ్మణ, వెలమ తదితర కుటుంబాలవారు పిల్లలను నోబుల్ బడికి పంపారు. పిల్లవాడు ఆంగ్లం నేర్చుకొని మతంలో మాత్రం మారకుండా తిరిగివస్తాడన్నది వారి నమ్మకం.

తొమ్మిదేళ్ళపాటు ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఆ కాలంలో పాఠశాలనుండి ఒక్క విద్యార్థి కూడా బాప్తిస్మం పొందలేదు. నోబుల్ పరీక్షలకోసం తొందరపడేవాడు కాదు. విద్యార్థులను సత్యసంధులుగా, క్రమశిక్షణ గలవారిగా తీర్చిదిద్దడమే ప్రధానమని భావించేవాడు. ఆయన శిష్యులలో పలువురు మతం మారకుండానే ప్రభుత్వ కచేరీలలో చేరి, లంచం ముట్టని ఉద్యోగులుగా పేరు తెచ్చుకున్నారు.

1852 నాటి సంఘటనలు

1852 కృష్ణా డెల్టా చరిత్రలో మరొక కారణంగా కూడా గుర్తుండే సంవత్సరం. ఆ ఏడే బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం ప్రారంభమై 1855లో పూర్తయింది. డెల్టా భూముల తీరును ఆనకట్ట మార్చబోతున్న సమయంలోనే, బందరులో ఇద్దరు విద్యార్థుల నిర్ణయం పట్టణాన్ని కుదిపివేసింది.

మంచాల రత్నం బ్రాహ్మణుడు. ఐనాల భూషణం వెలమ. ఇద్దరూ నోబుల్ వద్ద చాలాకాలంగా చదువుతున్నవారు. బైబిలు పాఠాలను వారు చదువులో భాగంగానే మొదలుపెట్టి, క్రమంగా దానిలోని విశ్వాసాన్ని తమదిగా చేసుకున్నారు. రహస్యంగా నమ్ముతూ, ఇంటివద్ద పాత ఆచారాలనే పాటిస్తూ ఉండిపోవడానికి వారికి అవకాశం ఉంది. వారు దానిని ఎంచుకోలేదు. 1852లో ఇల్లు విడిచి నోబుల్ నివాసానికి వచ్చి బాప్తిస్మం కోరారు.

వార్త తెలియగానే బంధువులు, పట్టణ ప్రజలు పెద్ద సంఖ్యలో మిషన్ ఇంటిని చుట్టుముట్టారు. తల్లిదండ్రులు, బంధువులు కన్నీళ్ళతో బతిమాలారు. కోపంతో బెదిరించినవారూ ఉన్నారు. యువకులు వెనుకకు మరలలేదు. వారికి బాప్తిస్మం ఇవ్వబడింది. మరునాటినుండి పాఠశాల దాదాపు ఖాళీ అయింది. తొమ్మిదేళ్ళ శ్రమతో చేరిన విద్యార్థులలో కొద్దిమంది మాత్రమే మిగిలారు. తమ పిల్లవాడికీ ఇదే జరుగుతుందేమోనన్న భయం ప్రతి ఇంటిలోను ప్రవేశించింది.

నోబుల్ ఎదుట ఉన్న ప్రశ్న చిన్నది కాదు. యువకులను తిరిగి పంపివేస్తే బడి నిలుస్తుంది. నిలుపుకుంటే బడి పోతుంది. ఆయన బడి పోయినా సరే అనుకున్నాడు. ఖాళీ తరగతి గదులలో మిగిలిన కొద్దిమందితోనే పాఠాలు కొనసాగించాడు. బైబిలు పాఠాన్ని తగ్గించి విద్యార్థులను రప్పించుకొనే ప్రయత్నం చేయలేదు. కాలక్రమంలో విద్యార్థులు తిరిగి చేరారు.

ఇటువంటి సంఘటన దక్షిణాదిలో ఇదే మొదటిది కాదు. 1841లో మద్రాసులో స్కాట్లండు మిషనరీ జాన్ ఆండర్సన్ పాఠశాలలో ఇద్దరు యువకులు మతం మారినప్పుడు కూడా బడి ఇలాగే ఖాళీ అయింది. ఇటువంటి వివాదాలు న్యాయస్థానాలకు వెళ్ళినప్పుడు ప్రధానంగా తేలవలసిన విషయం ఒకటే: ఆ యువకుడికి స్వయంగా నిర్ణయించుకొనే వయసు, వివేకం వచ్చాయా, లేదా అన్నది.

వెలి అంటే ఏమిటి

ఈ ఘట్టాన్ని నేటి పాఠకులు సరిగా గ్రహించాలంటే నాటి సమాజంలో వెలి అంటే ఏమిటో తెలియాలి. కులంనుండి వెలివేయబడినవాడికి సహపంక్తి భోజనం ఉండదు. తన ఇంటి గడప తొక్కడానికి వీలుండదు. బావి, మంగలి, చాకలి, పురోహితుడు అన్నీ మూసుకుపోతాయి. వెలివడినవాడు బ్రతికి ఉండగానే చనిపోయినట్లు భావించి ఘటశ్రాద్ధం పెట్టే ఆచారం అగ్రవర్ణాలలో ఉండేది. ఆ తరువాత తండ్రి మరణించినా కొడుకు కర్మ చేయడానికి అర్హుడు కాడు. అతని మూలంగా అక్కచెల్లెళ్ళ వివాహాలకు ఆటంకం వచ్చేది. అందువల్ల బంధువుల ఆగ్రహాన్ని కేవలం ద్వేషంగా భావించడం సరికాదు. ఒక కొడుకు నిర్ణయానికి కుటుంబమంతా మూల్యం చెల్లించేది.

చట్టం ఈ విషయంలో అప్పుడప్పుడే కదులుతున్నది. మతం మారినా, కులం పోయినా వారసత్వపు హక్కు పోరాదని 1850లో ఒక చట్టం వచ్చింది. దానినే కులపరమైన అనర్హతల తొలగింపు చట్టం అంటారు. రత్నం, భూషణం మతం మారేనాటికి ఆ చట్టం వచ్చి రెండేళ్ళు మాత్రమే అయింది. ఆస్తిహక్కును చట్టం కాపాడగలదు గాని, ఇంటిలో స్థానాన్ని ఇప్పించలేదు. భార్యాభర్తల విషయంలో 1866 వరకు చట్టమేదీ లేదు. మతం మారినవారితో కాపురం చేయడానికి భార్య గాని, భర్త గాని నిరాకరిస్తే వివాహబంధం రద్దు కోరడానికి ఆ ఏడాది వచ్చిన చట్టం వీలు కల్పించింది. బాల్యవివాహాలు సాధారణమైన ఆ కాలంలో, మతం మారిన యువకుడు అత్తవారింట ఉన్న భార్యను మళ్ళీ చూడగలనో లేదో తెలియని స్థితిలో ఉండేవాడు.

ఆరాధన విషయంలోనూ వారు పాతదానిని విడిచి, ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోని కొత్త జీవితంలోకి అడుగుపెట్టారు. తెలుగులో కొత్త నిబంధన 1818లోనే అచ్చయినప్పటికీ, సంపూర్ణ బైబిలు 1854లో గాని వెలువడలేదు. బందరులో తెలుగు ఆరాధనకు చేరేవారు కొద్దిమంది. పండుగలు, వ్రతాలు, బంధుజనంతో నిండిన ఇంటినుండి వచ్చినవారికి ఆ చిన్న సమూహమే కుటుంబమయింది.

తరువాతి మతాంతరాలు

1852 తరువాత మరికొందరు విద్యార్థులు అదే మార్గాన్ని అనుసరించారు. వారిలో ముస్లిం కుటుంబానికి చెందిన జానీ అలీ పేర్కొనదగినవాడు. ఈయన తరువాత ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కళాశాలలో చదివి పట్టభద్రుడై, మిషనరీగా తిరిగివచ్చి బొంబాయి, కలకత్తాలలో పనిచేశాడు. బ్రాహ్మణ యువకులు కూడా మరికొందరు బాప్తిస్మం పొందారు. ప్రతిసారీ కొంత అలజడి, కొంతకాలం విద్యార్థుల సంఖ్య తగ్గడం, మళ్ళీ పుంజుకోవడం జరిగేది.

రత్నం, భూషణం పాఠశాలలోను, మిషన్‌లోను నోబుల్‌కు సహాయకులుగా నిలిచారు. బాప్తిస్మం పొందిన పన్నెండేళ్ళకు, 1864లో వారిద్దరికీ గురుపట్టం లభించింది. సి.ఎం.ఎస్. తెలుగు మిషన్‌లో గురువులైన తొలి తెలుగువారు వీరే. తమ శిష్యులు గురువులు కావడాన్ని నోబుల్ కళ్ళారా చూడగలిగాడు.

కులం విషయంలో నోబుల్ వైఖరి

నోబుల్ జీవితంలో విమర్శకు గురైన అంశం ఇది. ఆయన పాఠశాలలో మాల, మాదిగ తదితర అంటరాని కులాల పిల్లలకు ప్రవేశం ఉండేది కాదు. వారిని చేర్చుకుంటే పై కులాలవారు ఒక్కరూ మిగలరనీ, ఇంగ్లండులో కూడా వేర్వేరు అంతస్తులవారికి వేర్వేరు బడులున్నాయనీ ఆయన వాదన. క్రైస్తవ విశ్వాసం మొదట విద్యావంతులైన పై వర్ణాలలో పాదుకొని, అక్కడినుండి క్రిందికి వ్యాపిస్తుందని ఆయన ఆశించాడు. తోటి మిషనరీలలోనే చాలామంది దీనిని అంగీకరించలేదు. మనుషులందరూ సమానులని బోధించే బడి గుమ్మంలోనే ఆ బోధను కాదంటున్నదని వారి విమర్శ.

మతం మారినవారి విషయంలో మాత్రం నోబుల్ కులాన్ని పాటించలేదు. బ్రాహ్మణుడైన రత్నం, వెలమ అయిన భూషణం, ముస్లిం అయిన జానీ అలీ ఒకే ఇంటివారుగా ఉన్నారు. కలిసి భోంచేయడం నాడు సామాన్య విషయం కాదు. బాప్తిస్మం కంటె ఆ భోజనమే బంధువులను ఎక్కువగా కలచివేసి ఉండవచ్చు.

బెజవాడ, రాఘవాపురం

డెల్టాలో క్రైస్తవం వ్యాపించిన తీరు నోబుల్ ఊహించినదానికి పూర్తిగా భిన్నమైనది. సి.ఎం.ఎస్. 1850లలో ఏలూరులోను, బెజవాడలోను కేంద్రాలను ఏర్పాటు చేసింది. బెజవాడలో పనిచేసిన మిషనరీ థామస్ డార్లింగ్ వద్దకు బెజవాడకు ఉత్తరాన ఉన్న రాఘవాపురం ప్రాంతంనుండి పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు తనవారితో వచ్చాడు. బందరు బడిలో చదివినవాడు కాదు, ఆంగ్లం తెలిసినవాడు కాదు. అంతకు చాలా ముందే విగ్రహారాధన మానివేసి, నిజమైన దేవుడెవరని వెదుకుతూ వచ్చినవాడు. వెంకయ్య, ఆయన వెంట మరికొందరు 1859లో బాప్తిస్మం పొందారు. అక్కడినుండి విశ్వాసం బంధుత్వాల వెంట పల్లెనుండి పల్లెకు ప్రాకింది. కృష్ణా జిల్లా పల్లెలలోని ఆంగ్లికన్ సంఘాలలో అధికభాగం ఈ ఉద్యమంనుండి పుట్టినవే.

ఈ రెండు మార్గాలలోనూ హింస స్వరూపం వేరు. బందరు బ్రాహ్మణ యువకుడు ఇంటిని, కులాన్ని, ఆస్తిని పోగొట్టుకొనేవాడు. పల్లెలో పాలేరుగా, కూలిగా బ్రతికేవాడికి పోగొట్టుకోవడానికి ఆస్తి లేదు. అతని జీవనం భూస్వామి ఇచ్చే పనిమీద ఆధారపడి ఉండేది. ఆదివారం పని మాని ఆరాధనకు వెళ్ళినా, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టననినా ఆ పని పోయేది. మొదటివాడి కథ గ్రంథాలకెక్కింది. రెండవవారి కథలు ఎక్కువగా ఆయా కుటుంబాలలో చెప్పుకోవడంగానే మిగిలాయి.

1864 ఉప్పెన, మరణం

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో కూడిన సముద్రపు ఉప్పెన మచిలీపట్నాన్ని, చుట్టుపక్కల గ్రామాలను ముంచివేసింది. సుమారు 30,000 మంది మరణించారని అంచనా. మిషన్ వసతిగృహంలోని బాలికలు కూడా పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ బాలికల పాఠశాలను నడిపినవారు మిషనరీ జాన్ షార్కీ దంపతులు. నోబుల్ ప్రాణాలతో బయటపడ్డాడు. పట్టణం శిథిలమైనా ఆయన దానిని విడిచి వెళ్ళలేదు. అప్పటికే బలహీనమైన ఆయన ఆరోగ్యం తిరిగి కోలుకోలేదు. మరుసటి సంవత్సరం, 1865 అక్టోబరు 17న మచిలీపట్నంలోనే మరణించాడు. ఆయన సోదరుడు జాన్ నోబుల్ రచించిన జీవితచరిత్ర 1867లో ప్రచురితమైంది.

అనంతర చరిత్ర

నోబుల్ పాఠశాల ఆయన మరణానంతరం ఆయన పేరుతోనే వ్యవహరింపబడి, కళాశాలగా ఎదిగింది. కృష్ణా జిల్లాలో ఉన్నత విద్యకు అది తొలి కేంద్రాలలో ఒకటి. సంఘసంస్కర్త రఘుపతి వేంకటరత్నం నాయుడు కొంతకాలం అక్కడ అధ్యాపకుడుగా పనిచేశాడు. ఆ కళాశాలలో చదివినవారిలో అత్యధికులు హిందువులు. వారు హిందువులుగానే చదివి, హిందువులుగానే బయటకు వచ్చారు.

డెల్టాలోని సి.ఎం.ఎస్. సంఘాలు తరువాత దోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరాయి. 1912లో దానికి అధ్యక్షుడైన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఈ సంఘాలన్నీ అందులో విలీనమయ్యాయి.

అంచనా

నోబుల్ కృషిని మతం మారినవారి సంఖ్యతో కొలిస్తే చాలా స్వల్పం. రెండు దశాబ్దాలకు పైగా నడచిన బడినుండి మతం మారిన విద్యార్థులు కొద్దిమందే. పై వర్ణాలద్వారా విశ్వాసం వ్యాపిస్తుందన్న ఆయన అంచనా నెరవేరలేదు. ఆయన బడిలోకి అనుమతించని వర్గాలవారే డెల్టా క్రైస్తవ సంఘానికి వెన్నెముక అయ్యారు.

అయినా 1852 నాటి సంఘటనకు ప్రాముఖ్యం తగ్గదు. విశ్వాసం వ్యక్తి స్వయంగా నిర్ణయించుకోవలసిన విషయమనీ, ఆ నిర్ణయానికి కులం గాని, బడి గాని, ఉద్యోగం గాని అడ్డు కారాదనీ బందరు పట్టణంలో బహిరంగంగా నిలిచి చూపినవారు రత్నం, భూషణం. విదేశంనుండి వచ్చిన నోబుల్‌కు వెలి లేదు. ఆయన పోగొట్టుకొన్నది విద్యార్థులను, అదీ కొంతకాలమే. ఆ ఇద్దరు యువకులు మాత్రం పుట్టిన ఇంటికి పరాయివారై, మిగిలిన జీవితాన్ని మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. నోబుల్ పేరు కళాశాల రూపంలో మచిలీపట్నంలో నిలిచింది. ఆ పేరుతోపాటు ఈ ఇద్దరు శిష్యుల పేర్లు కూడా స్మరింపదగినవి.